అమలాపురంలో కాఫీ కొట్టు పెడదామనుకుంటున్నా, పేపరు గ్లాసు లేకుండా. నడుస్తుందంటారా?

అరుగుమీద అమ్మాయి:
అందరికీ నమస్కారమండి. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదలు. హైదరాబాదులో తొమ్మిదేళ్లు ఉద్యోగం చేసి పోయిన సంక్రాంతికి ఊరొచ్చాను, మళ్లీ వెళ్లబుద్ధి కాలేదు. కాలవ గట్టుకి దగ్గర్లో అమ్మమ్మ గారి పెంకుటిల్లు ఉంది. వీధి అరుగు, లోపల మండువా, పెరట్లో బావి, రెండు అరటి పాదులు. అమ్మమ్మ ఒక్కతే ఉంటోంది. అద్దెకిస్తే ఎవరో మొబైల్ షాపు పెట్టి ముందు ఆ అరుగే కొట్టేస్తారు, అందుకని నేనే కాఫీ కొట్టు పెడదామనుకుంటున్నా.

అరకు కాఫీ, చికోరీ లేకుండా, ఫిల్టర్‌లో దింపిన డికాషన్. పాలు మా వీధి చివర గేదెలున్నాయన దగ్గర. స్టీలు గ్లాసులు మాత్రమే, పేపరు, ప్లాస్టిక్ ఏదీ గుమ్మం తొక్కకూడదు. ముందు గదిలో పుస్తకాల బీరువా, ఆదివారం పిల్లలకి కథలు. లోపల కూర్చుని తాగితే 60 రూపాయలు, అరుగు మీద తాగితే 20. అరుగు కాఫీలో నష్టం వచ్చినా లోపల కాఫీ పూడుస్తుందని నా లెక్క. చేతిలో 6 లక్షలున్నాయి, లోను తీసుకోను. మొహమాటం లేకుండా చెప్పండి.

కొబ్బరిడొక్క:
ఆయ్! అమలాపురంలో 60 రూపాయల కాఫీ అండి? గడియార స్తంభం దగ్గర ఆ డబ్బుకి టీ, బజ్జీ, పేపరు చదువుకోడం, పక్కోడి ఇంటి కబురు అన్నీ వస్తాయండి.

లెక్కల మాస్టారు:
డొక్క గారూ, వేళాకోళం తర్వాత. అమ్మాయ్, ముందు కప్పు లెక్క రాసుకో. పొడి 10 గ్రాములు, కిలో 900 అనుకుంటే 9 రూపాయలు. పాలు 80 మిల్లీలీటర్లు, లీటరు 80 అనుకుంటే 6 రూపాయల 40 పైసలు. పంచదార, గ్యాసు, సబ్బు కలిపి 2 రూపాయల 60. మొత్తం 18. నువ్వు 20కి అమ్మితే రెండు రూపాయలు మిగుల్తాయి, అవి గ్లాసు కడిగే మనిషికే చాలవు. సహాయకురాలికి నెలకి 12 వేలు, కరెంటు, రిపేర్లు, పగిలినవి పోయినవి 8 వేలు, నీ జీతం 20 వేలు. నీ జీతం రాయడం మాత్రం మర్చిపోకు, ఊరికి తిరిగొచ్చిన ప్రతివాళ్లూ మర్చిపోయేది అదే. మొత్తం 40 వేలు. కప్పు 30కి అమ్మితే 12 మిగులు, 40 వేలని 12తో భాగిస్తే నెలకి 3,333 కప్పులు, రోజుకి 111. అద్దె లేదు కాబట్టి 111, అద్దె ఉంటే ఈ మాటే ఎత్తొద్దనేవాణ్ణి. ఏడాదికి అమ్మకం 12 లక్షల దగ్గర ఆగుతుంది, 20 లక్షల లోపే కాబట్టి జీఎస్టీ రిజిస్ట్రేషన్ గోల ఉండదు. ఆహార భద్రత వాళ్ల దగ్గర మాత్రం నమోదు చేయించుకోవాల్సిందే, ఆన్‌లైన్లో నువ్వే చేసుకోవచ్చు, మధ్యలో ఎవరికీ వేలు ఇవ్వకు.

అరుగుమీద అమ్మాయి:
మాస్టారూ, నా జీతం నిజంగానే రాసుకోలేదు.

మూసేసిన కొట్టు:
నా పేరే చెప్తోంది కదా. 2022 చివర్లో భీమవరంలో పెట్టాను, 14 నెలలకి షట్టర్ దించేశాను. చాలామంది నన్ను అడిగారు గానీ ఎక్కడా రాయలేదు, నీ పోస్టు చూశాక రాయాలనిపించింది.

నా మొదటి తప్పు మెషిన్. ఎస్ప్రెసో మెషిన్ సెకండ్ హ్యాండ్‌లో నాలుగున్నర లక్షలు. అమ్మిన కంపెనీ పేరు చెప్పను. బోరు నీళ్లు ఎంత ఉప్పో నాకు తెలుసు, నా ఇంట్లో గీజరు ఏడాదికోసారి పోతుంది, అయినా దాన్నీ దీన్నీ కలిపి ఆలోచించలేదు. నాలుగో నెలలో బాయిలర్ లోపల సున్నం కట్టేసింది. మెకానిక్ హైదరాబాదు నుంచి రావాలి, రానూపోనూ ఖర్చులు నావే, వచ్చినాయన గంట చూసి పార్టు లేదన్నాడు. పదకొండు రోజులు కాఫీ కొట్టులో కాఫీ లేదు. రోజూ వచ్చే కుర్రాళ్లు ఎదురు కొట్టుకి అలవాటు పడిపోయారు, వాళ్లు మళ్లీ రాలేదు. తర్వాత ఏసీ. ఏసీ పెడితే తలుపు మూసుండాలి, తలుపు మూసుంటే ఇది మనకి కాదులే అనుకుని సగం మంది మెట్లు ఎక్కరు. ఇది నాకు కొట్టు మూసేశాక అర్థమైంది.

నువ్వు ఫిల్టర్ అంటున్నావు, చాలా మంచిది. పాడవడానికి అందులో ఏమీ లేదు. ఇత్తడి కావాలంటే అజ్జరం వెళ్లు, చెప్పిన కొలతకి కొట్టి ఇస్తారు.

పాడేరు మలుపు:
నేను ఏజెన్సీలో, అంటే మన్యంలో పనిచేస్తాను, కాఫీ సంగతి కాస్త తెలుసు. అరకు వ్యాలీ అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అప్పట్నుంచీ ఆ పేరుతో ఏ పొడి పడితే ఆ పొడి అమ్మేస్తున్నారు. కొనేటప్పుడు ప్యాకెట్ వెనక్కి తిప్పి చూడు. చికోరీ కలిపితే ఎంత శాతమో రాయాలి, కాఫీ 51 శాతానికి తగ్గకూడదు. అంటే సగం దాకా చికోరీ ఉన్నది కూడా దర్జాగా కాఫీ అనే పేరు మీదే అమ్ముకోవచ్చు.

వీలైతే నవంబరు, జనవరి మధ్య ఒకసారి పైకి రా. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ మొక్కలు, ఆ చెట్లకే మిరియాల తీగ. పండు అన్నీ ఒకసారి ఎర్రబడవు, అదే మొక్క దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్లి ఎర్రవి మాత్రమే కోయాలి. పచ్చివి కలిసిపోతే ఎంత బాగా వేయించినా నోట్లో పసరు తగుల్తుంది. ఐదారు కిలోల పండు కోస్తే కిలో గింజ. ఆ గింజ వేయించేసరికి ఇంకో 150 గ్రాములు పోతుంది. కోసినవాళ్ల చేతికి ఎంత వస్తోందో అక్కడే అడుగు, అడగడానికి మొహమాటపడకు. గిరిజన సహకార సంస్థ (జీసీసీ) కొంటుంది, రైతుల సంఘాలు కొంటాయి, షావుకార్లు కూడా కొంటారు. ఎవరి దగ్గర కొన్నా ధర, తేదీ నీ కొట్టులో పలక మీద సుద్దతో రాసి పెట్టు.

ఇంకోటి. గోడకి గిరిజన ఆడవాళ్లు నవ్వుతున్న పెద్ద ఫొటో మాత్రం పెట్టకు. వాళ్ల మొహాలు చూపించి కప్పుకి ఇరవై ఎక్కువ వేసుకునే కొట్లు చాలా చూశాను, ఆ ఫొటోలో ఉన్న మనిషికి ఆ కాఫీ రుచి కూడా తెలియదు.

కొబ్బరిడొక్క:
మరి మన కోకో ఏం పాపం చేసిందండీ? దేశంలో కోకో ఎక్కువ పండేది మన రాష్ట్రంలోనే, అదీ మన కొబ్బరి తోటల్లో నీడకి. కాఫీ కొండ దిగి రావాలి, కోకో గోడ దూకితే చాలు. పిల్లలకి వేడి వేడి కోకో పాలు పెట్టు.

నర్సాపురం లేసు:
అమ్మా, నేను లేసు అల్లుతాను, మా వీధిలో పదిమందిమి కలిసి అల్లుతాం. ఇన్నేళ్లలో ఏ టీ కొట్టు బల్ల మీదా కూర్చుని తాగలేదు. డబ్బుల్లేక కాదు. బల్ల రోడ్డు వైపు ఉంటుంది, వచ్చేపోయే వాళ్లంతా చూస్తారు, నలుగురు మగవాళ్లు కాళ్లు చాపుకుని కూర్చుంటారు, మనం వెళ్తే జరగరు. నీ కొట్టుకి ఆడవాళ్లు రావాలంటే పుస్తకాల బీరువా కన్నా ముందు బాత్రూం చూసుకో. లోపల గడియ పడాలి, బకెట్టులో నీళ్లుండాలి, వెలుగుండాలి, దాని దారి మగవాళ్లు కూర్చునే చోటు మీంచి పోకూడదు. మండువా ఉందన్నావు కదా, అందులో బల్లలు గోడ వైపు వెయ్యి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మాకు ఖాళీ, వంట అయిపోయి పిల్లలు బడి నుంచి రాని టైము. ఆ రెండు గంటలు నువ్వు కొట్టు మూసి పడుకుంటే మాత్రం ఇంక మేం వచ్చేది ఎప్పుడు?

అరుగుమీద అమ్మాయి:
ఇది నేను అస్సలు ఆలోచించలేదు పిన్నిగారూ. బాత్రూం దారి ఇప్పుడు సరిగ్గా అరుగు పక్క సందులోంచే ఉంది. తాపీ మేస్త్రిని పిలవాలి.

గ్రూప్స్ కుర్రాడు:
అక్కా, ఒక కాఫీ తీసుకుని నాలుగు గంటలు చదువుకుంటే తిడతావా? మా ఇంట్లో టీవీ ఆగదు.

లెక్కల మాస్టారు:
తిట్టదు గానీ నా 111 నీ వల్ల 107 అవుతుంది.

కొబ్బరిడొక్క:
చదువుకోనీండి మాస్టారూ. గ్రంథాలయ ఉద్యమం నడిపిన అయ్యంకి వెంకట రమణయ్య గారిది మన పాత తూర్పుగోదావరి జిల్లా కొంకుదురే. ఆ జిల్లాలో పుట్టి పుస్తకం పట్టుకున్నోణ్ణి లేపేస్తామా? పరీక్ష పాసైతే ఊరందరికీ కాఫీ పోయించాలని రాయించుకోండి.

కడియం నర్సరీ:
కాఫీ పిప్పి మొక్కలకి మంచిదని అందరూ అంటారు, పచ్చి పిప్పి నేరుగా కుండీలో వేస్తే పైన అట్టలా కట్టేసి నీళ్లు దిగవు, బూజు పడుతుంది, చిన్న నారు అయితే ఎదుగుదల ఆగిపోతుంది. కొబ్బరి పొట్టు, పశువుల పేడ కలిపి రెండు మూడు నెలలు మగ్గనివ్వాలి. నువ్వు పోగుచేసి పెడితే మావాళ్లు వచ్చి తీసుకెళ్తారని చెబుదామనుకున్నా గానీ, మాస్టారి లెక్కన రోజుకి కిలో పొడి, తడి పిప్పి అయితే రెండు కిలోలు. ఆ రెండు కిలోల కోసం కడియం నుంచి అమలాపురం బండి వేసుకొస్తే డీజిలు ఖర్చుకి నవ్వుతారు. మీ పెరట్లోనే గొయ్యి తీసుకో. గ్లాసులు కడిగిన నీళ్లు అరటి పాదుకి తిప్పు, పక్కన చేమ దుంపలు పాతు. సబ్బు తక్కువ వాడితే అవి ఎన్ని నీళ్లయినా తాగుతాయి.

లంక గాలి:
రెండు రోజులుగా చదువుతున్నా, రాయాలా వద్దా అని ఆగాను. ఎవర్నీ నొప్పించాలని కాదు.

మా నాన్నకి డెబ్భై దాటాయి. ఆయన చిన్నప్పుడు మా ఊరి హోటల్లో మా పేట వాళ్ల గ్లాసులు బయట చూరులో దోపి ఉండేవి. ఎవరి గ్లాసు వాళ్లు తీసుకోవాలి, పైనుంచి పోస్తారు, తాగాక కడిగి మళ్లీ చూరులోనే పెట్టాలి. లోపల బల్లలు, బయట మేము. అంటరానితనం నేరమని చట్టం 1955లోనే వచ్చింది, మా ఊళ్లో చూరులోంచి గ్లాసు దిగడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. పేపరు గ్లాసులు వచ్చాక మా నాన్న ఏ కొట్టు దగ్గరైనా నిలబడి టీ తాగడం మొదలెట్టారు. అందరికీ అదే గ్లాసు, తాగి పారేస్తారు, ఎవరు ముట్టుకున్నారన్న ప్రశ్నే లేదు. పేపరు గ్లాసు లోపల సన్నటి ప్లాస్టిక్ పొర ఉంటుందని, అది మట్టిలో కలవదని, కాలవలో పడేస్తే తూముల దగ్గర ఎలా అడ్డం పడుతుందో నాకూ తెలుసు, మాది గోదావరి లంక, వరద తీసేశాక తోటలో ఏరుకునేది మేమే. కానీ మా నాన్నకి పేపరు గ్లాసు అంటే చెత్త కాదు.

ఇప్పుడు మీరు స్టీలు గ్లాసు తెస్తానంటున్నారు. సంతోషమే. అదే పోస్టులో లోపల ఒక ధర, అరుగు మీద ఒక ధర అన్నారు. మీ మనసులో ఏ దోషమూ లేదని తెలుస్తోంది, డబ్బు లేనివాళ్లకి చవగ్గా ఇద్దామనే అనుకున్నారు. కానీ బయట నిలబడేవాళ్లు ఒకరు, లోపల కూర్చునేవాళ్లు ఒకరు అయిపోయాక, మా నాన్న ఆ వీధిలోంచి వెళ్తూ చూస్తే ఏం కనపడుతుందో చెప్పండి.

కొబ్బరిడొక్క:
దీనికి నా దగ్గర జోకు లేదండి.

మూసేసిన కొట్టు:
నాకు తట్టలేదు ఈ మాట. నా కొట్టులో అయితే బయట బల్లే లేదు, అది ఇంకా దారుణం.

అరుగుమీద అమ్మాయి:
లంక గాలి గారూ, రాసినందుకు థాంక్సండి. రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున అమ్మమ్మని అడిగాను, మన ఇంట్లో ఎలా ఉండేదని. కాసేపు మాట్లాడలేదు. తర్వాత పెరటి గోడలో ఒక గూడు చూపించింది. ఇన్నేళ్లూ అది దీపం గూడు అనుకుంటున్నాను నేను. పొలం పనికి వచ్చేవాళ్ల గ్లాసులు అందులో ఉండేవట.

రెండు ధరలు తీసేశాను. ఎక్కడ కూర్చున్నా 30, అదే గ్లాసు. అరుగు, మండువా ఎవరికి నచ్చిన చోట వాళ్లు. చిన్న గ్లాసు, సగం కాఫీ, 15 రూపాయలు, అదీ ఎవరైనా అడగచ్చు, ఎక్కడైనా తాగచ్చు. ముందు కొన్నవాళ్లు ఇంకొకరి కాఫీకి డబ్బు కట్టి చీటీ వదిలి వెళ్లే పద్ధతి ఒకటి విన్నాను, ఇటలీలో నేపుల్స్ వాళ్లదట, అదీ పెడదామనుకున్నాను.

లంక గాలి:
చీటీ పద్ధతి వద్దండి. పెద్ద సిటీలో ఎవరు తీసుకున్నారో ఎవరికీ తెలీదు. మన ఊళ్లో సాయంత్రానికి చెరువు దాటిపోతుంది కబురు. చిన్న గ్లాసు చాలు. గ్లాసులు కడిగేది మాత్రం పెరట్లో కాకుండా అందరికీ కనపడేలా ముందు పెట్టండి, అన్నీ ఒకే తొట్టిలో పడుతున్నట్టు కళ్లకి కనపడాలి.

లెక్కల మాస్టారు:
చిన్న గ్లాసులో 5 గ్రాముల పొడి, 40 మిల్లీలీటర్ల పాలు. ఖర్చు 9, మిగులు 6. సగం మంది అదే తాగితే రోజుకి 148 గ్లాసులు అమ్మాలి. కష్టం గానీ దిబ్బరొట్టి పెడితే పూడుతుంది. పాలకొల్లు వైపు పెట్టినట్టు మినపరొట్టి మందంగా, పక్కన బెల్లం పానకం. ఒక మూకుడు, ఒక మూత, బొగ్గులు. మిగిలిపోదు, పారబోయాల్సిన పని లేదు.

పాడేరు మలుపు:
బెల్లం అంటే గుర్తొచ్చింది, బెల్లం కాఫీ పెడితే జాగ్రత్త, పొయ్యి మీద పాలల్లో బెల్లం వేస్తే విరుగుతాయి. దించాక, కాస్త చల్లారాక కలుపు.

నర్సాపురం లేసు:
వేసవిలో కాలవలు కట్టేస్తే నీళ్లేం చేస్తావు? గ్లాసు కడగడానికి నీళ్లు లేక మళ్లీ పేపరుకి వెళ్లిన కొట్లు చూశాను.

అరుగుమీద అమ్మాయి:
బావి ఉంది పిన్నిగారూ, కడగడానికి పనికొస్తుంది, తాగడానికి ఉప్పగా ఉంటాయి. డికాషన్‌కి టిన్ను నీళ్లే. ఖాళీ టిన్ను తిరిగి ఇచ్చేస్తాం కాబట్టి అది నాకు సమ్మతమే.

(మూడు వారాల తర్వాత)

అరుగుమీద అమ్మాయి:
కొట్టు ఇంకా తెరవలేదు గానీ మూడు ఆదివారాలు ఉత్తినే పెట్టి చూశాను, చెబుతాను.

మొదటి ఆదివారం 40 గ్లాసులు కొన్నాను, 52 మంది వచ్చారు, అందులో సగం మంది చుట్టాలే, డబ్బులు ఇవ్వబోతే అమ్మమ్మ తీసుకోనివ్వలేదు. ఆవిడకి ఆదివారాలు సెలవు ఇచ్చేశాను. రెండో వారం బెల్లం పాలు విరిగాయి. పాడేరు గారు చెప్పింది గుర్తుంది, దించే కలిపాను, చల్లారనివ్వలేదంతే. నాలుగు లీటర్లు పోయాయి, అమ్మమ్మ వాటిని పారబోయనివ్వకుండా దగ్గరికి మరిగించి కోవా చేసింది, ఆ రోజు కాఫీ కన్నా కోవాకే గిరాకీ. వానాకాలం తేమకి పొడి డబ్బాలో గడ్డ కట్టింది, ఇక కిలో ప్యాకెట్ తేను, ఎప్పటికప్పుడు పావు కిలో ప్యాకెట్లు తెచ్చుకుంటాను. కడిగే తొట్టి వీధి గుమ్మం పక్కనే పెట్టించాను, మేస్త్రి వింతగా చూశాడు. లేసు పిన్నిగారూ, బాత్రూం దారి పెరటి వైపు తిప్పించాను, గడియ ఇత్తడిది.

మూడో వారం సాయంత్రం ఒక పెద్దాయన వచ్చారు, తెల్ల పంచె, చేతిలో గొడుగు. అరుగు చివర కూర్చున్నారు. పేపరు గ్లాసు లేదా అని అడిగారు, లేదండి, అందరికీ ఇదే అన్నాను. తీసుకున్నారు. తాగడం అయ్యాక గ్లాసు పట్టుకుని లేచి, కొళాయి ఎక్కడా అని చూస్తున్నారు. ఇలా ఇవ్వండి తాతగారూ అని చెయ్యి చాపాను. ఇవ్వలేదు. కడుగుతాలే అన్నారు. నేను చెయ్యి తీయలేదు, ఆయనా గ్లాసు వదల్లేదు, ఇద్దరం అలాగే నిలబడ్డాం. చివరికి మా సహాయకురాలు వచ్చి, తొట్టిలో పడేయండి, నా పని చెడగొట్టకండి అని కసిరింది. అప్పుడు నవ్వి తొట్టిలో వేశారు, ఎవరో కాలేజీ కుర్రాడి గ్లాసు మీద టంగుమని పడింది.

లంక గాలి:
గొడుగు నల్లదా, కర్ర పిడి?

అరుగుమీద అమ్మాయి:
అవునండి.

లంక గాలి:
ఇంట్లో మాకేమీ చెప్పలేదు. డికాషన్ కొంచెం చేదుగా ఉందని మాత్రం అన్నారు.

కొబ్బరిడొక్క:
ఆయ్, చికోరీ అలవాటు మరి.

అరుగుమీద అమ్మాయి:
ఆయన గ్లాసులో ఇంకో చెంచా పంచదార వేస్తాను. సరే గానీ, తెరిచే లోపు ఇంకో 60 గ్లాసులు కావాలి, మొదటి 40తో సరిగ్గా కలిసేలా ఉండాలి, అంచు తిప్పినవి. ఇక్కడ దొరకట్లేదు. ఎవరికైనా తెలుసా?

మూసేసిన కొట్టు:
రాజమండ్రిలో స్టీలు సామాన్ల కొట్లలో కిలో లెక్కన ఇస్తారు. ఒక గ్లాసు ఫొటో, అడుగు కొలత పంపు. శనివారం అటు వెళ్తున్నా, తెస్తాను. నా కొట్టు బల్లలు కూడా నాలుగు గొడౌన్లో పడున్నాయి, టేకువి, కావాలంటే వాటినీ బండిలో వేస్తా.